పదికి ఆరు వచ్చిన ఆటలు

2013 ఫిబ్రవరిలో ‘ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్’ అని ఒక గేమ్ వచ్చింది. చేసింది గేర్‌బాక్స్, అమ్మింది సెగా. రివ్యూలు రాసినవాళ్ళలో చాలామంది ఒకే మాట అన్నారు: ఈ ఏలియన్లకి బుర్ర లేదు. గోడలెక్కి, పైకప్పు పట్టుకుని పాకి, వెనక నుంచి మీద పడాల్సిన జీవులు తిన్నగా ఎదురొచ్చి తుపాకీ గొట్టం ముందు నిలబడేవి. ఒకదాన్ని కాలిస్తే ఇంకోటి వచ్చేది, దాన్నీ కాల్చడమే. భయపడదామని లైట్లార్పుకుని కూర్చున్నవాడికి నవ్వొచ్చేది. అందరి రివ్యూల మార్కులకీ సగటు కట్టి చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో పీసీ వెర్షన్‌కి వందకి 45 వచ్చాయి.

ఐదేళ్ళ తర్వాత, 2018 జూలైలో, ఈ గేమ్ పేరు మళ్ళీ మోగింది. గేమ్ ఫోల్డర్లో ఒక సెట్టింగ్స్ ఫైల్ ఉంటుంది, నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే చదువుకోగలిగేంత మామూలు ఫైల్. అందులో ఒక లైన్లో ‘టెథర్’ అన్న మాట స్పెల్లింగులో అక్కర్లేని ‘ఎ’ ఒకటి దూరింది. ఏలియన్లు ఎక్కడ కాచుకోవాలి, ఎటు నుంచి చుట్టుముట్టాలి అని చెప్పే కోడ్‌ని ఆ లైన్ పిలవాలి. పేరు తప్పు పడింది కాబట్టి పిలుపు ఎవరికీ చేరలేదు. అది ఒక మాడర్ (గేమ్ ఫైళ్ళని సరదాకి మార్చి చూసే ఆటగాడు) కంట్లో పడింది. ఆ అక్షరం చెరిపేసి సేవ్ చేస్తే అవే ఏలియన్లు పక్కల నుంచి రావడం, ఆగి చూసి దూకడం మొదలుపెట్టాయి.

ఆ వార్త వచ్చిన రోజుల్లో నెట్‌లో సానుభూతి వెల్లువెత్తింది. “పాపం, ఒక్క అక్షరం కోసం గేమ్‌ని చంపేశారు, రివ్యూయర్లు తొందరపడ్డారు” అని. నేను మాత్రం ఇప్పటికీ రివ్యూయర్ల పక్షమే. వాళ్ళు తప్పేం రాశారు? ఏలియన్లకి బుర్ర లేదన్నారు, నిజంగానే లేదు. ఎందుకు లేదో కనిపెట్టడం డబ్బులు తీసుకుని గేమ్ అమ్మినవాళ్ళ పని. ఆ రోజు షాపులో డిస్క్ కొన్నవాడి ఇంటికి వెళ్ళింది ఆ ‘ఎ’ ఉన్న ఫైలే. పైగా ఆ అక్షరం చెరిపేసినా కథ మారలేదు, లెవెల్స్ మారలేదు, 2011లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో చూపించిన లైటింగూ తిరిగి రాలేదు. నలభై అయిదు వచ్చిన చోట బహుశా యాభై అయిదు వచ్చేది, అంతే.

ఈ యాభై అయిదూ, అరవైల దగ్గర తచ్చాడే ఆటల గురించే నాకు మాట్లాడాలనుంది. మరీ ఘోరమైన ఆటల గురించి మాట్లాడటం తేలిక. 2003లో వచ్చిన ‘బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్’ చూడండి. పేరుకి లారీల పందెం. పోటీకొచ్చిన లారీ మొదలైన చోటే నిలబడిపోతుంది, కదలదు. మన లారీ ఇళ్ళలోంచి, వంతెనల్లోంచి దూరిపోతుంది, నిట్టనిలువు కొండనీ రోడ్డులాగే ఎక్కేస్తుంది. రివర్స్ గేరులో వేగానికి హద్దు లేదు. రివర్స్ మీట వదిలేస్తే ఆ క్షణంలోనే ఆగిపోతుంది. చివర్లో ఒక కప్పు బొమ్మ వచ్చి తప్పుల తడక ఇంగ్లీషులో మనమే విన్నర్ అంటుంది. మెటాక్రిటిక్‌లో దీనికి వందకి 8. గేమ్ రివ్యూల సైట్ గేమ్‌స్పాట్ పదికి ఒకటి ఇచ్చింది, అంతకంటే తక్కువ ఇవ్వడానికి వాళ్ళ దగ్గర అంకె లేదు. దీని మీద రివ్యూ రాయడానికి ధైర్యమూ అక్కర్లేదు, ఆలోచనా అక్కర్లేదు, హాస్యం ఉంటే చాలు. ఏ ఫ్యానూ కొట్లాటకి రాడు. పైగా ఇలాంటి గేమ్ కొన్నవాడు కూడా పది నిమిషాల్లో తెలుసుకుంటాడు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో అయితే రెండు గంటల్లోపు ఆడి, పద్నాలుగు రోజుల్లోపు అడిగితే డబ్బులు వెనక్కి వచ్చేస్తాయి.

మధ్యరకం గేమ్ అలా రెండు గంటల్లో దొరకదు. మొదటి రెండు గంటలూ బాగానే ఉంటుంది, అక్కడే కదా అందరూ డబ్బు, శ్రమ పెట్టేది. పదో గంటకి మొదటిసారి అనుమానం వస్తుంది. ఇరవయ్యో గంటకి “నేనిది ఎందుకు ఆడుతున్నాను?” అని అడుగుతాం. అప్పటికి రిఫండ్ గడువు దాటిపోయి ఉంటుంది. అందుకని మనకు నిజంగా రివ్యూ కావాల్సింది అలాంటి ఆటలకి. ఆ రివ్యూలే మొహమాటంతో నీళ్ళు కలిపినట్టుంటాయి.

ఆ మొహమాటం ఊరికే పుట్టలేదు. 2007 నవంబరులో ‘కేన్ అండ్ లించ్: డెడ్ మెన్’ అనే గేమ్ వచ్చింది. ప్రచురించింది ఐడోస్. గేమ్‌స్పాట్ సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే. అదే సైట్లో సీనియర్ రివ్యూయర్ జెఫ్ గర్స్ట్‌మన్ దానికి పదికి ఆరు ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనలకూ దీనికీ సంబంధం లేదని సైట్ అప్పట్లో చెప్పింది. 2012లో నోరు విప్పే వీలు దొరికాక ఆయన వేరేగా చెప్పాడు, ప్రకటనలిచ్చేవాళ్ళ ఒత్తిడికి యాజమాన్యం వంగిపోయిందని.

ఈ కథని అందరూ పత్రికా స్వేచ్ఛ కోణంలోంచి చెప్తారు, నిజమే. నాకు అందులో కొట్టొచ్చినట్టు కనపడేది ఆ ఆరు. ఆయన రెండు ఇవ్వలేదు, మూడు ఇవ్వలేదు. ఆ సైట్ కొలత ప్రకారమే ఆరంటే ‘పర్వాలేదు’. మిగతా పత్రికలు ఇచ్చిన మార్కులూ కాస్త అటూ ఇటూగా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ‘పర్వాలేదు’ అన్నందుకు ఉద్యోగం పోయే చోట ఇంకెవడైనా ఆరు ఇవ్వడానికి ఎందుకు సాహసిస్తాడు? ఏడు ఇస్తే గొడవ లేదు కదా.

అటు కంపెనీలు అలా ఉంటే ఇటు ఫ్యాన్స్ ఏం తక్కువ తినలేదు. అంతకు ఏడాది ముందు, 2006లో, ఇదే గర్స్ట్‌మన్ ‘జెల్డా: ట్విలైట్ ప్రిన్సెస్’కి 8.8 ఇచ్చాడు. ఎనిమిది పాయింట్ ఎనిమిది! దాని మీద ఎంత రభస జరిగిందంటే ఆ అంకె ఒక సామెతలా మిగిలిపోయింది. తిట్టినవాళ్ళలో చాలామంది అప్పటికి ఆ గేమ్ ఆడి ఉండరు, ఇంకా అమ్మకానికే రాలేదు.

ఇలా పైనుంచి కంపెనీ, కిందనుంచి ఫ్యాన్స్ నొక్కితే పది మార్కుల కొలబద్ద కుంచించుకుపోయి ఏడుకీ పదికీ మధ్య మూడు మెట్లుగా మిగిలింది. మన తెలుగు సినిమా సైట్ల పాఠకులకి దీన్ని వివరించక్కర్లేదు. ఐదుకి 2.75 అని ఉంటే సగం కంటే ఎక్కువ కదా అని ఎవడూ టికెట్ బుక్ చెయ్యడు. “ఆ, ఓటీటీలో చూద్దాంలే” అనుకుంటాడు. 2.5కీ 2.75కీ ఉన్న ఆ పావు మార్కులో రివ్యూయర్ మొహమాటం ఎంత, హీరో ఫ్యాన్స్ భయం ఎంత అని కూడా మనం లెక్కగట్టగలం. గేముల్లో పదికి ఏడు సరిగ్గా మన 2.75. తేడా ఏమిటంటే సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది, టికెట్ రెండు మూడొందలు. ప్లేస్టేషన్ 5 (పీఎస్5) వచ్చినప్పుడు సోనీ తన పెద్ద గేముల ధర ఇక్కడ 4,999 రూపాయలకి తీసుకెళ్ళింది. రివ్యూయర్‌కి కాపీ ఉచితంగా వస్తుంది. తప్పని అనను, పని అలాగే జరగాలి. కానీ ఉచితంగా ఆడిన ‘పర్వాలేదు’కీ ఐదువేలు పెట్టి ఆడిన ‘పర్వాలేదు’కీ చాలా దూరం. హైదరాబాదులో కొత్త ఉద్యోగంలో చేరినవాడు అయిదువేలు పెట్టే ముందు ఏం చూసుకుంటాడో ఆ ఏడు అంకెలో కనపడదు.

అంకెలు తీసేస్తే సరిపోతుందా? 2015లో యూరోగేమర్ అనే రివ్యూల సైట్ ఆ పనే చేసింది, మార్కులు ఎత్తేసింది. 2023లో నక్షత్రాల రూపంలో మళ్ళీ తెచ్చుకుంది. అంకెతో నాకు పేచీ లేదు. అంకెలో దిగువ సగాన్ని వాడకుండా పక్కన పడెయ్యడమే నాకు నచ్చదు. ఇంగ్లండు పత్రిక ‘ఎడ్జ్’ చాలా ఏళ్ళుగా ఐదు, ఆరు ఇవ్వడానికి వెనకాడదు. అందుకే అది ఎనిమిది ఇస్తే దానికో విలువ.

అంకెకి జీతాలు ముడిపెట్టే పని మాత్రం దుర్మార్గం. 2010లో ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ చేసిన అబ్సీడియన్ స్టూడియోకి బోనస్ రావాలంటే మెటాక్రిటిక్‌లో 85 రావాలని ఒప్పందం. వచ్చింది 84. ఈ విషయం 2012లో స్టూడియో యజమానుల్లో ఒకడైన క్రిస్ అవెలోన్ బయటపెట్టాడు. విడుదలప్పుడు ఆ గేమ్ నిండా బగ్గులే అన్నది అబద్ధం కాదు, మార్కులు తగ్గించినవాళ్ళని తప్పుపట్టలేం. కానీ తన ముందున్న గేమ్ గురించి ఆరో ఏడో రాసుకుంటున్నవాడికి, ఆ అంకె మీద ఎక్కడో ఎవరి బోనస్సో ఆధారపడిందని తెలిస్తే చెయ్యి ఒణకదూ? అక్కడ కూడా గెలిచేది ఏడే.

పెద్ద కంపెనీలు దీన్ని ఎంత ముందుగా లెక్కేసుకుంటాయో ‘రెడ్‌ఫాల్’ అప్పుడు తెలిసింది. 2023 మేలో వచ్చిన రక్తపిశాచాల షూటర్ అది. అమెరికాలో 70 డాలర్లు. చేసింది ఆర్కేన్ ఆస్టిన్, అంతకుముందు ‘ప్రే’ చేసిన స్టూడియో. మార్కులు యాభైల్లోకి జారాయి. ఆ స్టూడియో పైనున్న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ విభాగానికి అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ ఒక ఇంటర్వ్యూలో క్షమాపణ చెబుతూ, విడుదలకి ముందు తాము నమూనా రివ్యూలు రాయించుకుంటామనీ, అసలు మార్కులు వాటికంటే పది పాయింట్లకి పైగా తక్కువ వచ్చాయనీ ఒప్పుకున్నాడు. అంటే లోపల కూర్చుని చూసినవాళ్ళకి అది ఒక మోస్తరు ఆటలాగానే కనిపించింది! ఎందుకు కనిపించిందో నేను ఊహించగలను. ఏ ముక్కకా ముక్క తీసి చూస్తే రెడ్‌ఫాల్‌లో అంత తప్పు కనపడదు. ఊరు బాగుంటుంది, తుపాకులు పర్వాలేదు, పిశాచాల ఆకారాలూ బాగుంటాయి. ఆ ఊళ్ళో నడుస్తుంటే ఏమీ జరగదు. శత్రువులు గోడ దగ్గర ఇరుక్కుని మన వైపు చూడకుండా నిలబడతారు. ఖాళీ ఇళ్ళ మధ్య పరుగు, కాల్పులు, మళ్ళీ పరుగు. మధ్యరకం ఆటల జబ్బు ఎప్పుడూ ముక్కల్లో ఉండదు, ముక్కలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడంలో ఉంటుంది. చెక్‌లిస్టు పట్టుకుని గ్రాఫిక్స్‌కి ఇంత, సౌండ్‌కి ఇంత అని మార్కులేస్తే అది పట్టుబడదు.

‘ప్రే’ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని కథా చెప్పాలి. 2017లో ఐజీఎన్ అనే రివ్యూల సైట్ ఆ గేమ్ పీసీ వెర్షన్‌కి పదికి నాలుగు ఇచ్చింది. గేమ్ బాగోలేక కాదు. సేవ్ ఫైల్ పాడైపోయే బగ్ వల్ల రివ్యూయర్ ఆటని ముందుకి నడపలేకపోయాడు. తర్వాత ఆ తప్పు సరిచేసే ప్యాచ్ వచ్చింది, మళ్ళీ ఆడి ఎనిమిది ఇచ్చాడు. దీని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. కొందరు నాలుగు అన్యాయమంటారు, కొందరు ఎనిమిది లొంగుబాటంటారు. నా మటుకు రెండూ సరైనవే. కష్టపడి ఆడిన గంటలన్నీ తుడిచిపెట్టే ఆటకి ఎనిమిది ఎలా ఇస్తాం? బాగుచేశాక నాలుగు దగ్గరే ఎలా ఉంచుతాం? రెండు అంకెలూ రెండు తేదీలతో పక్కపక్కన ఉండాలి, పాతది చెరిపెయ్యకుండా.

ఈ ‘పాతది చెరిపెయ్యడం’ దగ్గరికే వస్తున్నాను. 2016 ఆగస్టులో ‘నో మ్యాన్స్ స్కై’ వచ్చింది. ఇంగ్లండులో హెలో గేమ్స్ అనే చిన్న బృందం చేసింది. లెక్కలేనన్ని గ్రహాలు, ఎవరికి వాళ్ళు తిరగొచ్చు, మరో ఆటగాడు ఎదురుపడే అవకాశమూ ఉందన్నట్టు విడుదలకి ముందు ఆ బృందం అధిపతి షాన్ మర్రే మాట్లాడాడు. విడుదలైన తొలి రోజుల్లోనే ఇద్దరు ఆటగాళ్ళు కబురు పెట్టుకుని ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఒకరికొకరు కనపడలేదు. అసలా సౌకర్యమే అందులో లేదు. తర్వాత ఏళ్ళ తరబడి ఆ బృందం ఒక్క రూపాయి అదనంగా తీసుకోకుండా అప్‌డేట్లు ఇస్తూనే ఉంది, 2018లో నిజమైన మల్టీప్లేయర్ వచ్చింది, ఇవాళ అది బ్రహ్మాండమైన గేమ్. వాళ్ళ పట్టుదలకి దణ్ణం పెట్టొచ్చు. కానీ ఆ కథ నుంచి పరిశ్రమ మొత్తం నేర్చుకున్న పాఠం ఏమిటి? ముందు సగం ఉడికినది అమ్మెయ్, తర్వాత ఎప్పుడేం కలుపుతామో చెప్పే రోడ్‌మ్యాప్ అని ఒక బొమ్మ పెట్టు, విమర్శించినవాడిని “ఓపిక పట్టు” అను.

రెడ్‌ఫాల్‌కీ అలాంటి మాటే ఇచ్చారు, ఖరీదైన ఎడిషన్ కొన్నవాళ్ళకి కొత్త హీరోలు వస్తారని. ఏడాది తిరిగేసరికి, 2024 మేలో, స్టూడియోనే మూసేశారు. ఆ హీరోలు రాలేదు. నెట్ లేకపోయినా ఆడుకునే వీలు కల్పించి చివరి అప్‌డేట్ ఇచ్చారు, అదే పదివేలు.

‘యాంథెమ్’కి ఆ మాత్రం భాగ్యమూ దక్కలేదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మధ్యరకం అన్న మాటకి నా దృష్టిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ‘మాస్ ఎఫెక్ట్’ చేసిన బయోవేర్, వెనక ఈఏ డబ్బు. పీఎస్4 వెర్షన్‌కి 54, పీసీకి 59. ఈ అంకెలు చూసి చెత్త అనుకోకండి. జావెలిన్ అనే లోహపు కవచం తొడుక్కుని కొండ అంచు నుంచి దూకి, గాల్లో ఇంజన్ రాజేస్తే ఒంట్లో జివ్వుమంటుంది. ఎక్కువసేపు ఎగిరితే ఇంజన్ వేడెక్కి కూలిపోతాం. అందుకని మధ్యలో జలపాతంలోంచి దూసుకెళ్ళి చల్లబరుచుకోవాలి, లేదా చెరువు మీదికి వాలి నీటిని ఒరుసుకుంటూ పోవాలి. అడవి, నీళ్ళు, కొండలు అన్నీ ఈ ఎగరడం కోసమే పుట్టాయా అనిపిస్తుంది. ఇంత హాయిగా గాల్లో తేలించిన ఆట నేను ఇంకోటి ఆడలేదు.

కిందికి దిగగానే మొదలవుతుంది అసలు కథ. ఫోర్ట్ టార్సిస్ అనే ఊళ్ళో నత్తనడక నడుస్తూ ఒక్కొక్కరితో మాట్లాడాలి. మిషన్‌కి వెళ్ళాలంటే లోడింగ్. గుహలోకి వెళ్తే లోడింగ్. తుపాకీ మార్చుకోవాలంటే మిషన్ ముగించి, వెనక్కి వచ్చి, ఫోర్జ్ అనే చోటికి వెళ్ళాలి, విడుదలప్పుడు దానికీ ఒక లోడింగ్ తెర. కథ సగంలో నాలుగు సమాధులు అడ్డం వస్తాయి. వాటి తలుపులు తెరుచుకోవాలంటే ఇన్ని పెట్టెలు తెరువు, ఇంతమందిని చేత్తో కొట్టి చంపు, పడిపోయిన తోటివాళ్ళని లేపు అని ఒక జాబితా ఇస్తారు. ప్రపంచాన్ని కాపాడే వీరుడు పెట్టెలు లెక్కపెట్టుకుంటూ తిరుగుతాడు. అంత కష్టపడి దొరికించుకున్న మేలైన తుపాకుల కంటే ఆట మొదట్లో ఇచ్చిన ఒకటో లెవెల్ రైఫిల్ శత్రువులని త్వరగా చంపుతోందని మార్చిలో ఆటగాళ్ళు కనిపెట్టారు. మంచి తుపాకుల వేటే ఈ తరహా ఆటకి ప్రాణం. అది కాస్తా పోయింది.

రివ్యూలు అన్నీ ఏదో రకంగా ఒకటే చెప్పాయి: ఎగరడం అద్భుతం, మిగతాదంతా డొల్ల. ఏప్రిల్‌లో జేసన్ ష్రయర్ అనే పాత్రికేయుడు కొటాకు సైట్లో పెద్ద కథనం రాశాడు. పేరుకి ఆరేడేళ్ళు నడిచిన ప్రాజెక్టులో ఆటని నిజంగా కట్టడం మొదలైంది చివరి ఏడాదిన్నరలోనేనని, ఆ ఎగరడాన్నే ఎన్నోసార్లు పెట్టి తీసేసి మళ్ళీ పెట్టారని అందులో తెలిసింది. మళ్ళీ అదే వరస. ఏలియన్ల బుర్ర సంగతిలాగే కారణం తర్వాత తెలిసింది, తీర్పు ముందే సరిగ్గా పడింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు విమర్శ మీద గౌరవం పెరుగుతుంది. లోపల ఏం జరిగిందో ఒక్క ముక్క తెలియకుండా, కేవలం ఆడి, ఇది ఆఖర్లో హడావుడిగా అతికించిన వస్తువని పసిగట్టారు.

ఇంకో చిక్కు ఉంది. నిరాశనీ మధ్యరకాన్నీ కలిపేసి మాట్లాడటం. నిరాశ అనేది గేమ్‌లో ఉండదు, మన ఆశకీ గేమ్‌కీ మధ్య ఉన్న ఖాళీలో ఉంటుంది. ఆ ఆశ ఎవరు పెంచారన్నది వేరే విచారణ. ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబరు 10న వచ్చింది. ముందుగా రివ్యూయర్లకి పీసీ కాపీలే ఇచ్చారు, సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపించకూడదన్నారు. పీసీ వెర్షన్ 86 దగ్గర నిలబడింది. జనం కొనుక్కున్న పీఎస్4 వెర్షన్‌కి ఆఖరికి వచ్చింది 57. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. ఇక్కడ రివ్యూలు అబద్ధం చెప్పలేదు, వేరే వస్తువు గురించి నిజం చెప్పాయి. నా అభిప్రాయంలో అప్పుడు రాయాల్సిన మొదటి వాక్యం “మాకు కన్సోల్ వెర్షన్ చూపించలేదు, ఎందుకో మీరే ఊహించుకోండి” అని. కొందరు రాశారు, కానీ పైన ఉన్న తొమ్మిది అంకె వెలుగులో ఆ వాక్యం ఎవరి కంటికి ఆనుతుంది?

మన దేశంలో అయితే ‘ఫౌజీ’. 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించారు, రెండు రోజుల్లో అక్షయ్ కుమార్ ఈ గేమ్‌ని ప్రకటించాడు. బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ 2021 జనవరి 26న విడుదల చేసింది. పబ్జీకి బదులు ఏదో వస్తోందని పిల్లలంతా ఎదురుచూస్తే, వచ్చింది గల్వాన్ లోయలో ముష్టియుద్ధం. ముందుకి నడువు, వచ్చినవాళ్ళని కొట్టు, చలిమంట దగ్గర కూర్చుని తేరుకో, మళ్ళీ నడువు. తుపాకీ లేదు, పబ్జీలోలా ఆఖరికి మిగిలినవాడే గెలిచే బ్యాటిల్ రాయల్ లేదు. ప్లేస్టోర్ రేటింగ్ కొద్ది రోజుల్లోనే మూడు దగ్గరికి పడిపోయింది. కింద వ్యాఖ్యలు చదివితే ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్ళు సైనికుల గురించి రాశారు, ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ళు పబ్జీ గురించి రాశారు. గేమ్ గురించి రాసినవాళ్ళని దుర్భిణీ వేసి వెతకాలి. నిజానికి అది ఓ గంట కాలక్షేపానికి సరిపడే చప్పటి మొబైల్ ఆట. కొడితే దెబ్బ తగిలినట్టనిపించదు, వచ్చిన శత్రువే మళ్ళీ వస్తాడు. పదికి నాలుగు. అందులో దేశభక్తీ లేదు, దేశద్రోహమూ లేదు.

మనవాళ్ళు చేశారు కదా అని మార్కులు కలపడం కూడా నాకు నచ్చదు. పుణెలో నాడింగ్ హెడ్స్ చేసిన ‘రాజీ’ 2020లో వచ్చింది. గోడల మీద చిత్రాలు, తోలుబొమ్మల తీరులో కథ చెప్పడం, రాజస్థానీ కోటల మీద పడే ఎండ, ఇవి చూస్తే కడుపు నిండుతుంది. పోరాటాలు మాత్రం బరువుగా, కొన్నిచోట్ల చిరాగ్గా ఉంటాయి, కథ ఊపందుకునే చోట పుటుక్కున తెగిపోతుంది. నేనైతే ఆరు ఇస్తాను, ఇష్టంగానే ఇస్తాను. ఆ బృందం తర్వాతి ఆటలో దెబ్బకి బరువు, వేగం ఎలా ఉండాలో ఆలోచించాలంటే ఈ ఆరు పనికొస్తుంది, “భారతదేశపు గర్వకారణం” అన్న పొగడ్త పనికిరాదు. ఇదే కొలతకి రెండో వైపు ఉంది. అదే ఏడు యూబీసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: శాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్ ట్రైలర్ చూపిస్తే ప్రపంచమంతా వెక్కిరించింది. ట్రైలర్ బాగోలేదు, సరే. కానీ ఆ వెక్కిరింతలో ఎంత భాగం ముఖాల యానిమేషన్ మీద, ఎంత భాగం “ఇండియాలో చేశారా, ఇంకేం” అన్న చులకన మీద? విడుదల వాయిదాలు పడి, 2022లో పని మాంట్రియల్‌కి వెళ్ళిపోయింది. ఎవరూ ఆడకముందే తీర్పు అయిపోయింది.

ఈ రోజుల్లో మధ్యరకం అన్న తీర్పు ఒకప్పటిలా మెత్తటిది కాదు. 2024 ఆగస్టు 23న సోనీ ‘కాంకార్డ్’ విడుదల చేసింది. 40 డాలర్ల ఆన్‌లైన్ షూటర్. మార్కులు అరవైల్లో. తుపాకీ పేలిస్తే బాగుంటుందని చాలామంది ఒప్పుకున్నారు, సర్వర్లు కూలిపోలేదు, బగ్గులు పెద్దగా లేవు. ఎవరికీ కోపం తెప్పించేంత లోపం లేదు, డబ్బు పెట్టి కొనేంత కారణమూ లేదు. ఇదే తరహా ఆటలు ఉచితంగా ఎన్నో దొరుకుతున్నాయి. స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్ళ సంఖ్య అత్యధికంగా 697. సెప్టెంబరు 6న సర్వర్లు కట్టేసి, కొన్నవాళ్ళందరికీ డబ్బులు తిరిగిచ్చేశారు. రెండు వారాలు. అక్టోబరులో స్టూడియో మూతపడింది. ‘బిగ్ రిగ్స్’ని ఇప్పటికీ జనం సరదాకి వెతుక్కుని ఆడుతున్నారు.

యాంథెమ్‌ని తిరగరాస్తామన్న ప్రయత్నాన్ని ఈఏ 2021 ఫిబ్రవరిలో ఆపేసింది, సర్వర్లకి 2026 జనవరి 12 ఆఖరి రోజన్నది. నా దగ్గర డిస్క్ ఉంది, పెట్టినా ఆట నడవదు. ఇక ఆ ఎగరడం ఎలా ఉండేదో, కాంకార్డ్‌లో చెత్త ఊడ్చే రోబో పాత్ర ఎలా కదిలేదో ఎవరికైనా తెలియాలంటే మిగిలినవి వీడియోలూ రివ్యూలే. వీడియోలో రోబో కనపడుతుంది, చేతిలో కంట్రోలర్ ఎలా అనిపించిందో కనపడదు. కాంకార్డ్ రివ్యూల్లో కొన్నిటిని ఈమధ్య మళ్ళీ తీసి చదివాను. ఏడు ఇచ్చినవాటిలో ఎక్కువ భాగం ట్రైలర్ గురించి, ధర గురించి, సోనీ వ్యాపార వ్యూహం గురించి ఉంది. ఐదు ఇచ్చినవాళ్ళు తమ ఐదుకి జవాబు చెప్పుకోవాలి కాబట్టి గెంతు ఎంత ఎత్తు పోతుందో, తుపాకీ గుండ్లు నింపడానికి ఎంతసేపు పడుతుందో, పాత్రలు ఎంత నెమ్మదిగా నడుస్తాయో రాసిపెట్టారు.